పదిహేడో నంబరు చెప్పబోయిన మాట

ఆ ఏడాది పరీక్షల ముందు మూడు నెలలూ నేను కోపంతోనే పడుకున్నాను, కోపంతోనే లేచాను. మొదట పరిశోధన పిల్ల మీద వచ్చింది కోపం. ఆ తర్వాత మా ఆయన మీద, హెడ్మాస్టరు మీద, పాఠ్యపుస్తకం రాసిన మహానుభావుల మీద. అందరూ అయిపోయాక చివరికి అది ఎవరి దగ్గరికి వచ్చి ఆగిందో చెప్పడానికే ఇదంతా. అది ఇంకా పూర్తిగా చల్లారలేదు కాబట్టి మధ్యలో నా గొంతు పెరిగితే ఏమీ అనుకోకండి. పంతొమ్మిదేళ్ళు పదో తరగతికి సైన్సు చెప్పిన గొంతు ఇది. మెల్లగా మాట్లాడటం దానికి అలవాటు లేదు.

పరిశోధన పిల్ల యూనివర్సిటీ నుంచి వచ్చింది. పాతికేళ్ళు కూడా ఉండవు, గట్టిగా తుమ్మితే ఎగిరిపోయేట్టుండేది. భుజానికో సంచి, అందులో సబ్బుబిళ్ళంత రికార్డరు. హైస్కూలు సైన్సు తరగతిలో టీచరూ పిల్లలూ ఏం మాట్లాడుకుంటారు, ఆ మాటల వల్ల పిల్లలకు పాఠం ఎంత ఒంటబడుతుంది అన్న సంగతి మీద ఆమె థీసిస్ రాస్తోందట. హెడ్మాస్టరు గారు మరో ఆలోచన లేకుండా నా తరగతికే పంపారు. పంపక ఏం చేస్తారు? వరండాలో వెళ్ళేవాళ్ళు ఆగి మరీ వినే తరగతి స్కూలు మొత్తం మీద నాదొక్కటే.

నాకొక పద్ధతి ఉండేది. వాక్యంలో ముప్పావు వంతు నేను చెప్పి ఆగుతాను. చివరి మాట పిల్లలంతా ఒక్క గొంతుతో అందుకోవాలి. ‘ఆమ్లంలో ముంచిన నీలి లిట్మస్ కాగితం…’ అంటే ‘ఎర్రగా మారును’ అని నలభై ఇద్దరూ ఒకేసారి అనాలి. ఒక్క పెదవి కదలకపోయినా నాకు తెలిసిపోయేది. తనిఖీకి వచ్చిన పెద్దాఫీసరు ఒకసారి గుమ్మంలోనే నిలబడి, ఇలాంటి తరగతి నేనెక్కడా చూడలేదమ్మా అని పుస్తకంలో రాసి సంతకం పెట్టి వెళ్ళాడు. పిల్లలు నాకు పెట్టుకున్న పేరు ‘కుక్కర్’. నాకు తెలియదనుకునేవాళ్ళు. విజిల్ వచ్చిందంటే లోపల ఉడికినట్టే కదా అని నేనూ లోలోపల మురిసిపోయేదాన్ని.

ఆ నలభై ఇద్దరిలో నా కూతురు ఒకతి. గేటు దాటితే నేను అమ్మను కాను, అది కూతురు కాదు, ఇది నా నియమం. టీచరు కూతురు కాబట్టే మార్కులు అని ఎవరూ వేలెత్తి చూపకూడదని దాన్ని పేరు పెట్టి కూడా పిలిచేదాన్ని కాదు. హాజరు పట్టీలో దాని నంబరు పదిహేడు. తరగతిలో దానికి అదే పేరు. తప్పు చేస్తే మిగతావాళ్ళకు రెండు చీవాట్లయితే పదిహేడుకి నాలుగు. స్టాఫ్ రూములో అందరూ నన్ను చూసి ముక్కున వేలేసుకునేవారు, కన్నకూతురని కూడా చూడదు సుమా అని. అది పొగడ్త అనే అనుకున్నాను.

ఇంట్లో కూడా అది పెద్దగా మాట్లాడేది కాదు. ఏమన్నా ఉంటే వాళ్ళ నాన్నతోనే. ఆయనకు వీధి మలుపులో కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం ఉంది. సాయంత్రం పూట అది అక్కడికెళ్ళి, ఊడదీసిన చక్రాల మధ్య కూర్చుని గంటలు గంటలు కబుర్లు చెబుతుందని ఆయనే అనేవారు. దుకాణంలో అన్ని మాటలొచ్చే పిల్లకు ఇంట్లో నాలుక ఎందుకు లేవదో నేను ఒక్కసారీ అడగలేదు. నోరు విప్పని పిల్ల బుద్ధిమంతురాలని నమ్మే రకాన్ని నేను.

పరిశోధన పిల్ల వచ్చి వెనక బెంచీలో కూర్చున్న రోజు కొవ్వొత్తి పాఠం. ఆ ప్రయోగం మీరూ చిన్నప్పుడు చూసే ఉంటారు. పళ్ళెంలో రంగు నీళ్ళు పోసి, మధ్యలో వెలుగుతున్న కొవ్వొత్తి నిలబెట్టి, దాని మీద గాజు గ్లాసు బోర్లిస్తారు. కాసేపటికి కొవ్వొత్తి ఆరిపోతుంది, నీళ్ళు గ్లాసులోకి ఎక్కుతాయి. గాలిలో అయిదో వంతు ఆక్సిజన్ ఉంది, మంట దాన్ని తినేసింది, ఆ ఖాళీలోకి నీళ్ళొచ్చాయి. పుస్తకంలో అలాగే ఉంది. నేనూ అలాగే చదువుకున్నాను, అలాగే చెప్పాను, పంతొమ్మిది సార్లు.

ఆ రోజు ప్రయోగం బ్రహ్మాండంగా కుదిరింది. నీళ్ళు ఎందుకు పైకెక్కాయి అని అడిగాను. కిటికీ వైపు నుంచి ఎవరో ఏదో మొదలుపెట్టారు, పదిహేడే. నేను ఆగలేదు. దాన్ని కూర్చోమని వాక్యం అందించాను, నలభై ఒక్క గొంతులు అందుకున్నాయి. గంట కొట్టేసరికి బోర్డు మీది నోట్సు అందరి పుస్తకాల్లోకీ ఎక్కింది. ఆ సంగతి నేను మర్చిపోయాను కూడా. రోజుకు ఎంతమందిని కూర్చోమంటాం, ఎన్నని గుర్తుంటాయి?

వారం తర్వాత పరీక్షకు ముందు పెట్టే నమూనా పరీక్షలో అదే ప్రశ్న ఇచ్చాను, అయిదు మార్కులకు. ఇంట్లో వంటింటి గట్టు మీద పేపర్లు పేర్చుకుని దిద్దుతుంటే పదిహేడో నంబరు పేపరు దగ్గర చెయ్యి ఆగింది. మిగతా అందరూ నేను చెప్పిన నాలుగు వాక్యాలూ అక్షరం పొల్లు పోకుండా రాశారు. ఇది మాత్రం ఒకటిన్నర పేజీ రాసింది. గ్లాసు బోర్లించేటప్పుడు అంచు నుంచి బుడగలు బయటికొచ్చాయట. మంట మండుతున్నంతసేపూ నీళ్ళు కదలలేదట. మంట ఆరాకే గబగబా ఎక్కాయట. నేను ఆ ఒకటిన్నర పేజీ పూర్తిగా చదివానని చెబితే అబద్ధం. మొదటి వాక్యంలో ‘ఆక్సిజన్’ అన్న మాట కనపడలేదు, అంతే. అడ్డంగా ఎర్రగీత కొట్టి సున్నా వేశాను. పక్కన రాశాను: ‘సొంత కవిత్వం వద్దు. పుస్తకం చదువు.’

పేపర్లు పంచిన రోజు అది తన పేపరు మడిచి సంచిలో పెట్టుకుంది. ఏడవలేదు. నాకు గర్వంగా అనిపించింది, పిల్ల గట్టిదే అని.

ఇంకో పది రోజులకు పరిశోధన పిల్ల మళ్ళీ వచ్చింది. నా తరగతిని అక్షరాల్లో పెట్టి తెచ్చింది. నేనన్న ప్రతి మాటా, పిల్లలన్న ప్రతి మాటా వరస నంబర్లతో కాగితాల మీద ఉన్నాయి. చివరి పేజీలో లెక్కలు. నలభై నిమిషాల పీరియడులో టీచరు మాట్లాడింది ముప్పై మూడు నిమిషాలు. అడిగిన ప్రశ్నలు అరవై ఏడు. వాటిలో ‘ఎందుకు’ అన్నవి మూడు. ఆ మూడింటికీ జవాబు టీచరే చెప్పింది. ప్రశ్న వేశాక పిల్లలకిచ్చిన వ్యవధి సగటున ఒక్క సెకను కూడా లేదు. విద్యార్థి ఒక పూర్తి వాక్యం మాట్లాడిన సందర్భాలు: సున్నా.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. స్టాఫ్ రూములో అందరూ ఉండగానే దులిపేశాను. పీరియడంతా పైకప్పు ఎగిరిపోయేట్టు పిల్లలు జవాబులు చెబుతుంటే నీ చెవులేమయ్యాయమ్మా, అవి మాటలు కావా అని అడిగాను.

ఆ పిల్ల నెమ్మదిగానే చెప్పింది. “మాటలే మేడమ్. కాకపోతే అవన్నీ మీ మాటలు.”

“మరి ఎవరి మాటలు చెప్పాలి వాళ్ళు? నీవా?”

“ఒకళ్ళు మాత్రం సొంతంగా మొదలుపెట్టారు మేడమ్. రెండు వందల పన్నెండో వరస. ఒక్కసారి వినండి, నేను రికార్డింగు కూడా మీ ఫోనుకు పంపాను.”

వినడం కాదు, నువ్వు మళ్ళీ నా తరగతి గడప తొక్కితే బాగుండదని చెప్పేశాను. తిన్నగా హెడ్మాస్టరు గదికి వెళ్ళి అదే మాట అక్కడా చెప్పాను. కడుపులో చల్ల కదలకూడదనుకునే మనిషి ఆయన. నా గొంతు గుమ్మంలో వినపడగానే అమ్మాయిని ఇంక రావద్దని చెప్పేస్తానని ఒప్పేసుకున్నారు. ఆ పిల్ల సంచి సర్దుకుని గేటు దాటి వెళ్ళిపోవడం కిటికీలోంచి చూశాను. గెలిచాననుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం మా ఆయన భోజనం చేసి కూర్చున్నారు. అమ్మాయి స్నేహితురాలింటికి చదువుకోవడానికి వెళ్ళింది. ఆ పరిశోధన పిల్ల వెటకారం ఆయనకు చెప్పి, వినండి, ఇదీ తరగతి, దీనికి వంకలు పెట్టింది ఆ పిల్ల అని ఫోనులో రికార్డింగు పెట్టాను. నవ్వుకుందామనే పెట్టాను. ఆయన నవ్వలేదు. దుకాణంలో ఎవరైనా మిషను తొక్కి చూపిస్తుంటే చెవి దగ్గరగా పెట్టి వింటారు చూడండి, అలా తల వంచుకుని విన్నారు. నాకు ముచ్చటగానే ఉంది. నా గొంతు, పిల్లల గొంతు, నా గొంతు, పిల్లల గొంతు, తాళం తప్పకుండా నడుస్తోంది. ఉన్నట్టుండి ఆయన చెయ్యెత్తారు.

“ఆపు. కొంచెం వెనక్కి తిప్పు.”

తిప్పాను. నీళ్ళు ఎందుకు ఎక్కాయి అని నా గొంతు. వెంటనే ఒక ఆడపిల్ల గొంతు, స్పష్టంగా, కాస్త ఉత్సాహంగా: “టీచర్, నీళ్ళు మంట ఆరిపోయాకే…” దాని మీద పడి నా గొంతు: “పదిహేడూ, కూర్చో. నీళ్ళు పైకెక్కడానికి కారణం ఆక్సిజన్…” ఆపైన గది గదంతా: “ఖర్చు కావడం.”

“మనమ్మాయి కదూ?” అన్నారాయన.

అవునన్నాను.

“ఏం చెప్పబోయింది?”

నాకేం తెలుసన్నాను. సిలబస్ అవ్వాలా, నోట్సు రాయించాలా, నలభై ఇద్దరి సోదె వింటూ కూర్చుంటే పరీక్షలో మీరొచ్చి రాస్తారా అన్నాను. ఆయన నా చేతిలోంచి ఫోను తీసుకుని ఆ ముక్క మళ్ళీ పెట్టుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు. నాలుగోసారికి నాకు ఒళ్ళు మండిపోయింది, ఫోను లాక్కున్నాను.

“దుకాణంలో నాతో ఇలాగే మాట్లాడుతుంది,” అన్నారు. “నీ దగ్గర కూడా ఇంత ధైర్యంగా మాట్లాడుతుందని నాకు తెలీదు. నువ్వు ఆపేసేదాకా ఎంత హుషారుగా ఉందో చూడు.”

ఆ రోజంతా నేను ఆయనతో మాట్లాడలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అనుకున్నాను. కుట్టుమిషన్లు బాగుచేసేవాడు నాకు పాఠం చెప్పడం నేర్పుతాడా అని కూడా అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది గానీ, అనుకున్న మాట నిజం.

మర్నాడు ఆఖరి గంట కొట్టాక సైన్సు గదిలో ఒక్కదాన్నే ఉండిపోయాను. పళ్ళెం తీశాను, నీళ్ళలో ఇంత రంగు కలిపాను. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని తేల్చేసి, ఆ ముక్క ఇంటికెళ్ళి తండ్రీ కూతుళ్ళిద్దరికీ చెప్పాలన్నదే నా పంతం. కొవ్వొత్తి వెలిగించి గ్లాసు బోర్లించాను. ఈసారి మాట్లాడటానికి ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి నోరు మూసుకుని చూడాల్సి వచ్చింది.

గ్లాసు అంచు నీళ్ళలో దిగగానే బుడబుడమని నాలుగైదు బుడగలు బయటికొచ్చాయి. పంతొమ్మిదేళ్ళలో ఆ బుడగలు నేను చూడలేదు. చూసే ఉంటాను, చూస్తూ మాట్లాడుతూ ఉండి ఉంటాను. మంట మండుతోంది, నీళ్ళు ఉన్నచోటే ఉన్నాయి. మంట తగ్గింది, నీళ్ళు కదలలేదు. మంట ఆరి పొగ సుళ్ళు తిరిగింది. అప్పుడు, అప్పుడు మాత్రమే, నీళ్ళు గబగబా ఎక్కాయి. మంట తింటున్నకొద్దీ ఖాళీ అయ్యేదైతే మండుతున్నప్పుడే ఎక్కాలి కదా? మళ్ళీ చేశాను. రెండు కొవ్వొత్తులు పెట్టి చేశాను. నీళ్ళు ఇంకా పైకెక్కాయి. మూడు పెడితే ఇంకా పైకి. అదే గ్లాసు, అందులో అదే గాలి, ఆక్సిజన్ ఎక్కడి నుంచి పెరిగింది? పెరిగింది వేడి. వేడికి ఉబ్బిన గాలి కొంత బుడగలై బయటికి పోయింది, మిగిలింది చల్లారి ముడుచుకుంది, ఆ చోట్లోకి నీళ్ళొచ్చాయి. పదిహేడో నంబరు ఒకటిన్నర పేజీలో రాసింది ఇదే.

గ్లాసు బల్ల మీద ఎంత గట్టిగా పెట్టానంటే అడుగు పగిలింది. నా వేలు తెగింది. తెగినందుకు కూడా కోపమే వచ్చింది.

హెడ్మాస్టరు గారికి చెప్పాను. పుస్తకంలో తప్పుందండీ, పిల్లలకు సరిదిద్ది చెప్పాలి, పైకి ఉత్తరం రాయాలి అన్నాను. ఆయన నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళు తెప్పించి, పరీక్షలకు ఇంకా అయిదు వారాలే ఉంది మేడమ్ అన్నారు. దిద్దేవాళ్ళ చేతిలో ఉండే జవాబుల కాగితంలో ఆక్సిజన్ అనే ఉంటుంది, పిల్లలు ఇంకోటి రాస్తే పోయేది వాళ్ళ మార్కులు, మీవీ కావు నావీ కావు అన్నారు. ఫలితాలొచ్చాక ఎన్ని ఉత్తరాలైనా రాద్దాం అన్నారు. ఆయన చెప్పిన ప్రతి ముక్కా సబబుగానే ఉంది. అందుకే ఇంకా మండింది.

అయినా ఊరుకోలేక మర్నాడు తరగతిలో పళ్ళెం పెట్టాను. ప్రయోగం చేసి, ఏం చూశారో చెప్పండి అన్నాను. అని నోరు మూసుకున్నాను. నా జీవితంలో అంత కష్టమైన పని ఇంకోటి చేయలేదు. నాలుక దానంతటదే లేస్తోంది, పళ్ళ వెనక బిగబట్టి పెట్టుకున్నాను. నలభై ఇద్దరూ నన్ను చూస్తున్నారు. బయట వరండాలో ఎవరో బకెట్టు ఈడ్చుకుంటూ వెళ్ళారు. వెనక బెంచీలో ఒకడు నవ్వాపుకుంటున్నాడు. ముందు బెంచీలో ఎప్పుడూ మొదటి మార్కు తెచ్చుకునే పిల్ల, పాపం నేను మర్చిపోయాననుకుని, చెయ్యెత్తింది.

“టీచర్, మీరు మొదలుపెట్టండి. మేం అందుకుంటాం.”

ఎవరిని కొట్టాలో తెలియలేదు. ఆ పిల్లనా? ఆ పిల్లకు ఆ మాట నేర్పినదాన్నా? కిటికీ వైపు చూసి, పదిహేడూ, నువ్వు చెప్పు, ఆ రోజు చెప్పబోయావు కదా అన్నాను. అది లేచి నిలబడింది. “ఏం లేదు టీచర్” అని, నేను చెప్పకముందే కూర్చుంది.

ఇంక దాచి లాభం లేదనిపించింది. నేను పంతొమ్మిదేళ్ళుగా దీన్ని తప్పుగా చెబుతున్నాను, అన్నాను. అలాంటి మాట అన్నాక తరగతిలో కలకలం రేగుతుందనుకున్నాను. ఎవరైనా ముఖముఖాలు చూసుకుంటారనుకున్నాను. తలలన్నీ ఒక్కసారిగా వంగాయి. కలాలు గీకుతున్న చప్పుడు. ముందు బెంచీ మీదికి వంగి చూశాను. గుండ్రటి అక్షరాలతో, కింద స్కేలు పెట్టి గీత కూడా కొట్టి ఉంది: ‘నేను పంతొమ్మిదేళ్ళుగా దీన్ని తప్పుగా చెబుతున్నాను.’

ఆ తర్వాత జరిగిందంతా వివరంగా చెప్పాను, బుడగలు, వేడి, చల్లారడం, అన్నీ. నేనే చెప్పాను, వాళ్ళు రాసుకున్నారు. చివరికి ఒకడు లేచాడు. పరీక్షలో వస్తే ఏది రాయాలి టీచర్ అని అడిగాడు.

నలభై ఇద్దరూ తల ఎత్తారు. పదిహేడు కూడా. ఆ పీరియడు మొత్తం మీద అది నా మొహం కేసి చూసింది అప్పుడే. హెడ్మాస్టరు గారి మాట గుర్తొచ్చింది, అయిదు మార్కులు గుర్తొచ్చాయి, గంట కొట్టడానికి రెండు నిమిషాలుంది.

పుస్తకంలో ఉన్నదే రాయండి, అన్నాను.

అది మళ్ళీ తల వంచుకుంది. ఏదో రాసుకుంటోందనుకున్నాను.

పై చదువుకు ఏ గ్రూపు తీసుకుంటారో రాసిచ్చే ఫారాలు ఆ వారంలోనే ఇచ్చారు. సంతకం పెట్టమని మా అమ్మాయి తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది. సైన్సు గ్రూపు గడి ఖాళీగా ఉంది. చరిత్ర, అర్థశాస్త్రం ఉన్న గడిలో టిక్కు పెట్టి ఉంది. మా ఆయన అక్కడే ఉన్నారు, కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు. ఆయనకు ముందే తెలుసని ఆ తుడవడంలోనే తెలిసిపోయింది.

నాకు లోపల్నించి తన్నుకొచ్చింది. ఒంటికాలి మీద లేవడానికి అన్నీ సిద్ధంగా ఉన్నాయి: పిచ్చిపట్టిందా, నీ తెలివేంటి, నేనిన్నేళ్ళు… ఒక్కటీ బయటికి రానివ్వలేదు.

“ఎందుకు?” అన్నాను. ఆగాను.

ఆయన నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టాను. ఫ్యాను తిరుగుతోంది, ఫారం అంచు లేస్తోంది. అది వేలితో నొక్కిపట్టుకుంది. చాలాసేపటికి అంది.

“ఆ ప్రయోగం నేను ఏడుసార్లు చేశానమ్మా. నువ్వు పాఠం చెప్పే ముందు రోజు. నువ్వు మీటింగుకి వెళ్ళినప్పుడు, వంటింట్లో. పుస్తకంలో ఉన్నట్టు రాలేదని మళ్ళీ మళ్ళీ చేశాను. నాకు తెలిసిపోయింది. నీకు చెప్పాలని రాత్రంతా నిద్ర పట్టలేదు.”

“మరి చెప్పలేదేం నాకు?”

“చెప్పాను కదా. క్లాసులో.” ఫారం అంచు మళ్ళీ సర్దింది. “ఇంట్లో చెబితే ముందు చదువుకో పో అంటావు. క్లాసులో అయితే టీచరువి కదా, వింటావనుకున్నాను.”

తప్పు నాది తల్లీ అన్నాను. నువ్వు చెప్పిందే నిజం, నువ్వు చేసిందే అసలు సైన్సు, నీలాంటిదే ఆ గ్రూపు తీసుకోవాలి అన్నాను. ఆ సున్నా కొట్టేస్తాను, అయిదుకి అయిదు వేస్తాను అని కూడా అన్నాను, తెలివితక్కువ మాట.

“సున్నా వేసినందుకు కాదమ్మా,” అంది. “నన్ను ఆపేసినందుకు కూడా కాదు. అప్పుడు నీకు తెలీదు. మొన్న తెలిసింది కదా. తెలిసి కూడా పుస్తకంలో ఉన్నదే రాయమన్నావు. ఇంకా రెండేళ్ళు, ఆపైన నాలుగేళ్ళు, నేను కూడా అలాగే రాయాలా?”

నా దగ్గర జవాబుంది. హెడ్మాస్టరు చెప్పిన సబబులన్నీ ఉన్నాయి, మార్కులున్నాయి, నలభై ఇద్దరి భవిష్యత్తు ఉంది. ఒక్కో వాక్యం మొదలుపెట్టి, దాని మొహం చూసి, ఒక్కోటీ మధ్యలో వదిలేశాను. పూర్తి చేయలేని వాక్యం గొంతులో ఎలా గుచ్చుకుంటుందో ఆ వేళ తెలిసింది. సంతకం పెట్టాను. అది ఫారం తీసుకుని లోపలికెళ్ళింది.

“పరీక్షలో ఆ ప్రశ్న వస్తే ఏం రాస్తావు?” అని వెనక నుంచి అడిగాను.

“నువ్వు చెప్పిందే రాస్తాను,” అంది. తలుపు మెల్లగానే వేసుకుంది.

ప్రశ్న వచ్చింది. అయిదు మార్కులకే వచ్చింది. ఫలితాలు ప్రకటించిన రోజు స్కూలు గేటు దగ్గర పండగలా ఉంది. సైన్సులో వందకు వంద తెచ్చుకున్నది మా స్కూల్లో ఒక్కరే. నోటీసు బోర్డు మీద ఫొటో అంటించి, కింద పెద్ద అక్షరాలతో పేరు రాశారు. ఆ పేరు స్కూల్లో నేను ఎన్నడూ పలకలేదు. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ నా చేతులు పట్టుకుని ఊపేస్తున్నారు. వందకు వంద అంటే కొవ్వొత్తి ప్రశ్నకు కూడా నిండుగా పడ్డాయన్నమాట. ఏం రాస్తే పడతాయో నాకు తెలుసు. నన్ను పొగుడుతున్న ఒక్కొక్కరి మొహం మీదా అరవాలనిపించింది. నవ్వుతూ నిలబడ్డాను.

మా అమ్మాయి రాలేదు. దుకాణంలో వాళ్ళ నాన్న దగ్గర ఉందని తెలుసు. అక్కడ ఏం మాట్లాడుకుంటున్నారో మాత్రం తెలియదు.

హెడ్మాస్టరు గారు తన గదిలోంచి బయటికొచ్చి, అందరూ వినేట్టు నాకు నమస్కారం పెట్టారు. “అంతా మీ చలవే మేడమ్,” అన్నారు.

ఆయన అన్నదాంట్లో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు.